పాత కారులో పాత చలువ

మే నెల వచ్చునప్పటికి గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానములలో పత్తిచేలు, మిరపచేలు బోసిపోయి యుండును. నల్లరేగడి నేల నెఱ్ఱెలు విచ్చును. రెంటచింతల ఎండలను గూర్చి ఏటేట పత్రికలలో చదువుచునే యుందుము. ఇట్టి సీమలో చల్లదనము కేవలము భోగవస్తువు కాదు. ఎండిన మిరపకాయ తన ఎరుపును, ఘాటును నెలల తరబడి నిలుపుకొనుటకు కూడ అదియే ఆధారము. కావున చలువయంత్రముల చరిత్ర మనకు పరాయి కథ కాదు. ఆ చరిత్రనుండి ఒక చిన్న ప్రశ్నను నేడు మేము తీసికొనుచున్నాము. పాత స్పోర్ట్స్ కారు నొకదానిని బాగుచేయువాడు, కర్మాగారమునందే దాని కమర్చిన చలువయంత్రమును మరల యథాస్థానమున నిలుపదలచె ననుకొందము. అతడు దేనిని తిరిగి తేవలెను? దేనిని తేకూడదు?

యంత్రములు రాకముందు మనవారు వట్టివేళ్ల తట్టీలతో వేసవిని వెళ్లబుచ్చిరి. కచేరీల కిటికీలకు తట్టీలు కట్టి, వానిపై నీరు చల్లుచుండెడివారు. నీరు ఆవిరి యగునపుడు చుట్టునున్న వేడిని తనతో గొనిపోవును. మట్టికుండలో నీరు చల్లబడుటకు కారణమును ఇదియే. పల్నాటి పొడి గాడ్పులో తట్టీ చక్కగా పనిచేయును. కాని చీరాల, బాపట్లల సముద్రపు గాలిలో తేమ ముందే నిండి యుండుటచే అంత చలువ నీయజాలదు. అమెరికాలోను ఇట్టి యనుభవమే కలిగినది. అచ్చటి ఎడారి ప్రాంతములలో తిరుగువారు కారు కిటికీకి లోపల తడిచేసిన ఒక రేకు గొట్టమును తగిలించుకొనెడివారు. కారు కదలుచున్నంతసేపు గాలి దానిగుండ చల్లనై లోనికి వచ్చును. తేమ గాలి గల చోట్ల ఆ ఉపాయము పారలేదు. తేమతో నిమిత్తము లేక చల్లబరచు యంత్రము కావలసివచ్చినది.

1902లో విల్లిస్ కారియర్ అను ఇంజనీరు బ్రూక్లిన్‌లోని ఒక అచ్చుకూటమునకు గాలిలోని తేమను అదుపుచేయు యంత్రమును కూర్చెను. మనుష్యుల సుఖముకొరకు కాక, కాగితము ముడుచుకొనకుండుటకు పుట్టిన విద్య అది. అది కారులో చేరుటకు దాదాపు నలువది ఏండ్లు పట్టినది. 1939 నవంబరులో చికాగో మోటారు ప్రదర్శనమున పాకార్డ్ కంపెనీ చలువయంత్రముగల కారును చూపినది. దాని వెల కారు వెలకు పైన 274 డాలర్లు. చల్లబరచు భాగము వెనుక సీటు వెనుక నుండెను. చలువను తగ్గించుటకు, హెచ్చించుటకు సాధనము లేదు; గాలి విసరు పంకాను ఆపుట యొక్కటే దారి. చలికాలములో యంత్రము తిరుగకుండవలెనన్న, దిగి, ఇంజనుమూత తెరచి, బెల్టును చేతితో తొలగింపవలెను. 1941 తరువాత ఆ కంపెనీ దానిని విరమించుకొనెను. 1954లో నాష్ కంపెనీ ఆ సామగ్రి నంతటిని కారు ముందుభాగముననే ఇమిడ్చినది. స్పోర్ట్స్ కార్లలో పేరుగన్న షెవర్లే కార్వెట్‌కు 1963లో మొదటిసారి కర్మాగారపు చలువయంత్రము లభించెను. ఆ సంవత్సరము తయారైన 21,513 కార్వెట్లలో దానిని పొందినవి 278 మాత్రమే. అట్టి కారొకటి నేడు దొరికినచో, యజమాని ఆ యంత్రముకొరకు తపించుటలో వింత లేదు.

మన దేశమున కథ వేరు. అంబాసిడర్, ఫియట్, దాని వారసురాలైన పద్మిని కార్లు తమ తొలి దశాబ్దములలో చలువయంత్రము లేకయే కర్మాగారము విడిచెడివి. కావలసినవారు తరువాత మెకానిక్కుచే డాష్‌బోర్డు క్రింద ఒక పెట్టెను తగిలించుకొనిరి. ఇట్లు తగిలించిన పెట్టెకును కర్మాగారపు ఏర్పాటునకును గల భేదమును గ్రహించుట అవసరము. కర్మాగారమువారు చలువయంత్రము పెట్టునపుడు దానితోపాటు పెద్ద రేడియేటరును, బలమైన పంకాను, హెచ్చు విద్యుత్తు నిచ్చు జనరేటరును, ఎక్కువ బరువునకు తగిన స్ప్రింగులను కూడ పలుమారు కూర్చెడివారు. అంతయు ఒక్క ఆలోచన. యంత్రమును మాత్రము తెచ్చి, తక్కినవానిని మరచినవాని కారు, గుంటూరు ఎండలో సంత దాటకమునుపే ఆవిరి క్రక్కును.

ఇక యంత్రము పనిచేయు రీతి. గుంటూరు చుట్టునున్న మిరప శీతల గిడ్డంగులలోను, కారులోను సూత్ర మొక్కటే. ఒక పంపు వాయువును ఒత్తి వేడిచేయును. ఆ వేడి బయటి గాలిలోనికి పోగా వాయువు ద్రవమగును. ద్రవము ఒక సన్నని రంధ్రముగుండ పోయి, ఒత్తిడి తగ్గి, ఆవిరి యగుచు లోపలి వేడిని పీల్చుకొనును. మరల పంపునకు చేరును. కుండలోని నీటికి, ఈ వాయువునకు భేద మొక్కటే: నీరు గాలిలో కలిసిపోవును, ఈ వాయువు బందీయై తిరుగుచుండును. అది బందీగా నుండునంతకాలమే మేలు.

ఆ వాయువు ఏది అనుచోటనే మన ప్రశ్న బరువెక్కుచున్నది. మన దేశపు శీతల గిడ్డంగులలో అధికభాగము అమ్మోనియాతో నడచుచున్నవి. అది పాతకాలపు వాయువు, విషము కూడ. కాని అది కారినచో దాచుకొనలేదు; మిరపఘాటు నెరిగిన ముక్కులు సైతము దాని వాసనకు నిలువలేవు. మూసిన కారులో అట్టి దానిని పెట్టుటకు వీలు లేదు. విషము కానిది, మండనిది, వాసన లేనిది కావలెను. అమెరికాలో థామస్ మిడ్జ్లీయు, ఆయన సహచరులును 1928లో అట్టి వాయువును సాధించిరి. 1930లో రసాయన శాస్త్రజ్ఞుల సభలో మిడ్జ్లీ దానిని పీల్చి, వెలుగుచున్న క్రొవ్వొత్తిపైకి విడిచి, దీపము నార్పి చూపెను. అదియే ఫ్రియాన్. దాని 12వ రకము పదుల ఏండ్లు కార్ల చలువయంత్రముల ప్రాణమైనది.

వాసన లేకపోవుట దాని గుణమని అందరును మెచ్చుకొనిరి. కారిపోయినను ఎవరికిని తెలియకపోవుట దాని దోషమని పట్టించుకొన్నవారు తక్కువ. ఇచ్చట మన తెలుగునేలకు ఒక సంబంధము కలదు. 1960ల నడుమ వీరభద్రన్ రామనాథన్ అను యువ ఇంజనీరు సికింద్రాబాదులో ఒక శీతలయంత్రముల కర్మాగారమున పనిచేసెను. ఈ వాయువు యంత్రమునుండి ఏల కారిపోవుచున్నదో కనిపెట్టుటయే ఆయన పని. ఆ పని ఆయనకు అప్పుడు పెద్దదిగా తోచకపోవచ్చును. కాని అమెరికా చేరి వాతావరణ శాస్త్రమును చేపట్టిన పిమ్మట, 1975లో ఆయనయే ఈ జాతి వాయువులు భూమి వేడిని బయటికి పోనీయక ఎంత తీవ్రముగా పట్టియుంచునో లెక్కకట్టి చూపెను. అణువుకు అణువుగా చూచినచో బొగ్గుపులుసు వాయువుకంటె వేలరెట్లు ఎక్కువ. అంతకు ముందటి సంవత్సరము, 1974లో, మరియో మొలీనా, షేర్వుడ్ రోలండ్ అను శాస్త్రజ్ఞులు మరియొక కీడును వెల్లడించిరి: ఈ వాయువులు ఆకాశపు పైపొరలకు చేరి, ఎండకు విడిపోయి, వానిలోని క్లోరిన్ మనలను కాపాడు ఓజోన్ పొరను తినివేయును. 1985లో దక్షిణ ధ్రువముపై ఆ పొర పలుచనైన సంగతి ప్రకటితమైనది.

1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ నగరములో రాజ్యములు ఒప్పందము చేసికొనెను. 1992లో మన దేశము అందులో చేరినది. 2010 నాటికి ఈ జాతి వాయువుల వాడుక మన దేశమున ముగింపునకు వచ్చినది. అమెరికాలో 1994 నాటి కార్లు ఆర్-134ఎ అను వేరొక వాయువునకు మారియుండెను. అది ఓజోన్‌ను తినదు. కాని భూమిని వేడిచేయుటలో అదియు బొగ్గుపులుసు వాయువుకంటె వెయ్యిరెట్లకు మించినదే. అందుచే దానిని కూడ తగ్గించుటకు 2016లో కిగాలీ నగరమున మరియొక సవరణ జరిగెను. విషమని దూరముంచిన అమ్మోనియా ఆకాశమునకు కీడు చేయలేదు. నిరపాయమని లోనికి చేర్చుకొన్న వాయువు చేసినది.

ఈ చరిత్ర నెరిగినవాడు పాత కారును ఎట్లు బాగుచేయవలెను? తిరిగి తేదగినవి అనేకము: నాటి పంపు, దానిని నిలుపు ఇనుప చట్రము, కప్పీలు, డాష్‌బోర్డులోని గాలి ద్వారములు, మీటలు, ముందు చెప్పిన పెద్ద రేడియేటరు. వీనికొరకు ఎంత వెదకినను తగును. కొత్త రంధ్రములు తొలిచి రేకును పాడుచేయుటకంటె అది మేలు. తిరిగి తేకూడనిది ఫ్రియాన్. పాత యంత్రములో అది ఇంకను మిగిలియున్నచో గాలిలోనికి విడువక, తగిన సాధనముతో సిలిండరులోనికి పట్టించుట మొదటి పని.

కొత్త వాయువునకు మారునపుడు కొన్ని నియమములు కలవు. పాత ఖనిజ తైలము ఆర్-134ఎతో కలిసి తిరుగదు. దానిని కడిగివేసి తగిన తైలము పోయవలెను. రబ్బరు ఉంగరములను, గొట్టములను కొత్తవానిగా మార్చవలెను. తేమను పీల్చు డబ్బాను తప్పక మార్చవలెను. లోపల తేమ నిలిచినచో మంచై రంధ్రము మూసికొనును, ఆమ్లమై లోహమును తినును. వాయువును నింపుటకుముందు నత్రజనితో కారుడు పరీక్షించి, పంపుతో లోపలి గాలిని సంపూర్ణముగా తోడవలెను. కొత్త వాయువు తూకములో పాతదానికంటె కొంత తక్కువ పట్టును. వంటగ్యాసువంటి మండు వాయువులను ఆ యంత్రములో నింపుట ప్రాణాపాయకరము. ఇన్ని చేసినను చలువ పాతంత రాకపోవచ్చును. అట్టి కొరతను సహించుటయే న్యాయము.

పాతదానిని ప్రేమించుట మంచి గుణము. తాతలనాటి ఇంటిని బాగుచేయించుకొనువాడు నాటి దూలములను, గడపలను నిలుపును గాని, నాటి చెదలను వెదకి తేడు. కారు తన యజమానిది. దానినుండి కారిపోవు వాయువు మాత్రము అందరి ఆకాశమునకు చేరును. యంత్రపు రూపము, పనితనము, దానిని కూర్చినవారి బుద్ధికుశలత మన కందిన ఆస్తి. వాయువు వారికి నాడు తెలియని పొరపాటు. తెలిసిన పిమ్మట దానినే మరల నింపువాడు నాటివారివలె తెలియనివాడు కాజాలడు.