పేరు లేని 'ఏదో'

మహారాష్ట్ర భివండీలోని కామత్‌ఘర్‌లో తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలు తరాలుగా ఉంటున్నారు. మరమగ్గాల చప్పుడులో తెలుగు, మరాఠీ కలిసిపోతాయి. భయం మాటలూ అంతే. మనం 'ఎవరో ఏదో చేయించారు' అని గొంతు తగ్గిస్తే, మరాఠీలో దాన్ని 'కరణీ' అంటారు. కరణీ అంటే చేసిన పని, అంతే. రెండు భాషలూ అసలు పేరు పలకడానికి జంకి, 'చేయడం' అన్న మాట చాటున దాక్కున్నాయి. తెలంగాణలో బాణామతి అన్నదే మరాఠీలో భానామతి. ఆ మాట కోసం ఎవరూ కొత్తగా నిఘంటువు వెతుక్కోనక్కర్లేదు.

చిక్కంతా గారడీతోనే. మనకు గారడీవాడంటే వీధిలో డోలు కొట్టి వినోదం చూపేవాడు. మరాఠీ 'గారుడీ' పాములాడించేవాడు. మూలం గరుడుడు: పాము విషం దించే మంత్రవిద్య గారుడం. వైద్యం కాస్తా వినోదమైంది! కనికట్టు మాత్రం నిజాయితీగల మాట. కళ్ళు కట్టేశానని ముందే చెబుతుంది.

'జాదూ' పారశీకం నుంచి వచ్చింది. పూర్వం అక్కడ అది విద్యకు కాదు, మాంత్రికుడికే పేరు. వేదంలోని 'యాతు', 'యాతుధానుడు' దానికి దాయాదులు. ఈ జాదూకి 'టోణా' (చేతబడి) తోడై మరాఠీలో జాదూటోణా అయింది. 2013 ఆగస్టు 20న పుణేలో, మూఢనమ్మకాలపై పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను కాల్చి చంపిన కొద్ది రోజులకే చేతబడి వంటివాటిని నిషేధిస్తూ మహారాష్ట్ర ఆర్డినెన్సు తెచ్చింది. డిసెంబరులో అది చట్టమైంది. జనం దాన్ని పిలిచేది జాదూటోణా వ్యతిరేక చట్టమనే.