కిలోల లెక్కలో ఒంటరి వృద్ధులు: అంతర్వేది నేపథ్యంలో సబ్సిడీ బియ్యం చరిత్ర

ఉపోద్ఘాతం

గోదావరి వశిష్ఠ పాయ బంగాళాఖాతంలో కలిసే చోట, సఖినేటిపల్లి మండలంలో అంతర్వేది ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా వరి సీమగా స్థిరపడింది. కానీ చుట్టూ వరి పండినంత మాత్రాన భూమి లేని కూలీకి, వేటకు వెళ్లే సత్తువ ఉడిగిన మత్స్యకారునికి అన్నం సమకూరదు. అటువంటివారికి ధాన్యాన్ని చేర్చేది రేషన్ కార్డు. ఆ కార్డుపై ఎన్ని కిలోలు ఇవ్వాలో నిర్ణయించిన కొలతలను ఒంటరి వృద్ధుల పక్షాన పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కుటుంబం కొలతగా

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రారంభించింది. మనిషికి 5 కిలోలు, కుటుంబానికి గరిష్ఠంగా 25 కిలోలు. అయిదుగురున్న ఇంటికి ఇది ఆసరా. ఒంటరి వృద్ధురాలికి మాత్రం దక్కేది 5 కిలోలే, అంటే రోజుకు సుమారు 167 గ్రాములు. కలిసి వండుకునే ఇంటిని దృష్టిలో ఉంచుకున్న ఈ కొలతలో ఒంటిపొయ్యికి ప్రత్యేక స్థానం లేదు.

వయసు, నిరాధారత కొలతలుగా

2000 సంవత్సరంలో కేంద్రం రెండు పథకాలు తెచ్చింది. ఏప్రిల్‌లో మొదలైన అన్నపూర్ణ, జాతీయ వృద్ధాప్య పింఛనుకు అర్హత ఉండీ అది అందని 65 ఏళ్లు పైబడినవారికి నెలకు 10 కిలోలు ఉచితంగా ఇచ్చింది. పింఛను అందితే ఈ బియ్యానికి అర్హత ఉండదు. డబ్బు, ధాన్యం ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలన్న భావన ఇందులో ఉంది. డిసెంబరులో వచ్చిన అంత్యోదయ కుటుంబానికి 25 కిలోలు, 2002 నుంచి 35 కిలోలు కేటాయించింది. 2003 విస్తరణలో వితంతువులు, దివ్యాంగులు, జీవనాధారం లేని 60 ఏళ్లు దాటినవారు ఇంటి పెద్దలుగా ఉన్న కుటుంబాలను చేర్చారు. ఇంట్లో ఒక్కరే ఉన్నా 35 కిలోలు వర్తించడం దీని విశిష్టత. పదిమంది ఉన్నా అంతే కావడం దీని లోపం.

మళ్లీ తలసరి

2013 జాతీయ ఆహార భద్రతా చట్టం అంత్యోదయను కొనసాగిస్తూనే, ప్రాధాన్య కుటుంబాలకు మనిషికి 5 కిలోల కొలతను నిర్ణయించింది. ధరల చరిత్ర వేరు: రాష్ట్రంలో 2008లో మళ్లీ రెండు రూపాయలు, 2011లో రూపాయి, 2023 జనవరి నుంచి చట్టం కింద ఉచితం. ధర సున్నాకు చేరినా, అంత్యోదయ కార్డు దక్కని ఒంటరి వృద్ధురాలికి చట్టం హామీ ఇచ్చేది 1983 నాటి 5 కిలోలే.

దూరం అనే కొలత

2021లో రాష్ట్రం 9,260 వాహనాలతో ఇంటి వద్దకు పంపిణీని ప్రవేశపెట్టింది. 2025 జూన్‌లో మళ్లీ చౌకధరల దుకాణాలకు మళ్లినా, 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు ఇంటికే సరుకులు చేర్చే ఏర్పాటు చేసింది. దుకాణానికీ ఇంటికీ మధ్య దూరం కూడా హక్కులో భాగమని ఇది అంగీకరించినట్లయింది.

ఉపసంహారం

ఒకే వృద్ధురాలు వేర్వేరు పథకాల కింద 5, 10, 35 కిలోలకు అర్హురాలు కావచ్చు. ఆమె ఆకలి మారలేదు, లెక్కించే పద్ధతి మారింది. సబ్సిడీ బియ్యం చరిత్రను ధరల చరిత్రగా మాత్రమే చదివితే ఈ తేడా కనబడదు. నదీ, నేలా ముగిసే అంతర్వేది వంటి చోట, ఏ పథకాన్నైనా చివరి ఇంట్లో ఒంటరిగా వెలిగే పొయ్యి దగ్గర నుంచి అంచనా వేయడం సముచితం.