ఆటిజం అనే మాట ఎవరి పిల్లలకు దొరికింది?



ఈ వారం రాత్రి బడుల గురించి రాస్తానని పోయిన భాగంలో మాటిచ్చాను. అది వచ్చే వారానికి వాయిదా. మధ్యలో ఒక ప్రశ్న వచ్చి పడింది, దానికి జవాబు చెప్పకుండా ముందుకు పోలేకపోయాను.

మా కాలేజీలో రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి వరసగా సోమవారాలు రావడం లేదు. ఎందుకని అడిగితే తమ్ముడి సంగతి చెప్పింది. వాడికి ఏడేళ్లు. మాట రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. సీసా మూతలు ఏరుకొచ్చి అరుగు మీద రంగుల వారీగా పేరుస్తాడు. ఎవరైనా ఒక్కటి కదిపితే తల గోడకేసి కొట్టుకుంటాడు. ఊరి బళ్లో "మొద్దు, ఇంట్లనే పెట్టుకోండి" అన్నారట. పట్నంలో ఒక డాక్టరు ఆటిజం అన్నాడు. పట్నంలోనే అలాంటి పిల్లల కోసం ఒక బడి ఉందని తెలిసి వెళ్లారు, ఫీజు విని తిరిగొచ్చారు. తల్లి కూలికి పోతుంది.

ఆ అమ్మాయి నన్నడిగింది: "సార్, ఈ ఆటిజం పిల్లల బడులు ఎవలు పెట్టిన్రు? పైసలున్నోళ్ల కోసమే పెట్టిన్రా?"

మంచి ప్రశ్న. చరిత్ర ప్రశ్న. నేను తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ణి, వైద్యం నాకు రాదు. కానీ ఒక మాట ఎక్కడ పుట్టింది, ఎవరి నోట పెరిగింది, ఎవరికి అందలేదు అని వెతకడం మా పనే.

ఆ మాట వైద్యంలో ఒక జబ్బు పేరుగా స్థిరపడింది 1943లో. అమెరికాలో బాల్టిమోర్ నగరం, జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రి. లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో మొదటి పిల్లవాడు డొనాల్డ్. మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరు వాడిది. తండ్రి లాయరు, తల్లి పుట్టింటివాళ్లకు ఆ ఊళ్లో బ్యాంకు ఉంది. పిల్లవాడిలో తాము చూసినదంతా తండ్రి 33 పేజీల ఉత్తరంగా రాయించి డాక్టరుకు పంపాడు. కానర్ వ్యాసానికి పునాది ఆ ఉత్తరమే.

ఇక్కడ కాస్త ఆగండి. 33 పేజీల ఉత్తరం! పిల్లవాడు ఏ నెలలో ఏం చేశాడు, ఏ మాటను తిరగేసి పలికాడు, దేన్ని తిప్పుతూ కూర్చుంటాడు, అన్నీ. ఇవన్నీ మన అమ్మలకు తెలియవా? తెలుసు. ఆ అమ్మాయి తల్లికి మూతల రంగుల వరస కూడా తెలుసు. కానీ ఆమె చెప్పింది రాసుకునేవాడు లేడు. ఓపీ చీటీ మీద రెండు నిమిషాల్లో రెండు ముక్కలు గీసి పంపిస్తారు. జబ్బు లక్షణాల జాబితా తయారైంది ఉత్తరం రాయించగలిగిన ఇళ్లలోంచి.

ఈ పిల్లల తల్లిదండ్రులంతా బాగా చదువుకున్నవాళ్లేనని కానర్ ఆ వ్యాసంలోనే గమనించాడు. వాళ్లలో ప్రేమగా ఉండేవాళ్లు తక్కువని కూడా రాశాడు. ఆ రెండో ముక్కను పట్టుకుని తర్వాతివాళ్లు ఇరవై ఏళ్లకు పైగా తల్లుల్ని తిట్టారు. తల్లి మనసు మంచుగడ్డ కాబట్టే బిడ్డ ఇలా అయ్యాడన్నారు. మొదటి ముక్కను మాత్రం చాలామంది అలాగే నమ్మేశారు: ఇది చదువుకున్న ఇళ్లలో వచ్చే జబ్బు. తన దగ్గరికి రాగలిగినవాళ్లు ఎవరు అన్న లెక్క ఎవరూ వేయలేదు.

డొనాల్డ్ సంగతి కూడా చెప్పాలి. చిన్నప్పుడు కొన్నాళ్లు ఒక సంస్థలో పెట్టారు, తర్వాత వెనక్కి తెచ్చుకున్నారు. కాలేజీ చదివాడు, ఇంటి బ్యాంకులోనే పని చేశాడు, గోల్ఫ్ ఆడాడు, 2023లో 89 ఏళ్ల వయసులో పోయాడు. ఊరు ఊరంతా వాణ్ణి తనవాడిగా చూసుకుంది. సంతోషమే. అదే మిసిసిపీలో, అదే కాలంలో నల్లజాతి పిల్లలకు మామూలు బడే వేరు, అదీ అరకొర. వాళ్లలో ఎవరైనా మూతలు పేర్చేవాడు ఉండి ఉంటే వాడికి ఏ బ్యాంకు ఉంది?

ఇప్పుడు బడి దగ్గరికి వద్దాం. లండన్.

ఇంగ్లండ్‌లో 1944 విద్యాచట్టం కొంతమంది పిల్లల్ని "చదువు చెప్పడానికి పనికిరారు" అని తేల్చి బడి లెక్కల్లోంచి తీసేసే వీలిచ్చింది. వాళ్లు విద్యాశాఖ నుంచి ఆరోగ్యశాఖకు పోయేవాళ్లు. శిక్షణ కేంద్రాలు, లేదంటే ఏళ్లకేళ్లు ఆస్పత్రి వార్డులు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది అక్కడే తేలేవాళ్లు. సిబిల్ ఎల్గర్ అనే మాంటిస్సోరి టీచరు అలాంటి ఒక ఆస్పత్రికి వెళ్లి ఆ పిల్లల్ని చూసి తట్టుకోలేకపోయింది. 1962లో సెయింట్ జాన్స్ వుడ్‌లో తన ఇంటి కింది గదిలో కొద్దిమంది పిల్లలతో మొదలుపెట్టింది. అదే ఏడాది తల్లిదండ్రులు ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం 1965లో ఈలింగ్‌లో బడి తెరిచింది. ఆటిజం పిల్లల కోసమే పెట్టిన తొలి బడుల్లో అది ఒకటి. బీటిల్స్ పాటగాడు జాన్ లెనన్ దానికి డబ్బిచ్చాడు. తర్వాత ఆ బడికి ఎల్గర్ పేరే పెట్టారు.

ఎల్గర్ చేసిన పని గొప్పది. దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. పిల్లవాడి మనసులో ఏదో ముడి ఉంది, దాన్ని విప్పాలి అని డాక్టర్లు కూర్చున్న కాలంలో, ముందు వీడికి చదువు చెప్పాలి అంది ఆమె. రోజూ ఒకే వరసలో పనులు, తక్కువ మాటలు, స్పష్టమైన మాటలు. చెప్పడం కాదు, చేసి చూపించడం. ఇవాళ ఏ ఆటిజం బడికెళ్లినా గోడ మీద కనిపించే బొమ్మల టైంటేబుల్ వెనక ఆ ఆలోచన ఉంది. తల్లిని దోషిగా కాకుండా తోడుగా చూసిన బడి అది.

కానీ ఆ సంఘంలో ఉన్నదెవరు? 1966లో విక్టర్ లాటర్ అనే పరిశోధకుడు లండన్ పక్కనున్న మిడిల్‌సెక్స్‌లో 8 నుంచి 10 ఏళ్ల పిల్లల్ని లెక్కించాడు. పదివేలకు 4.5 మంది అన్నాడు. తల్లిదండ్రులు సగటు కంటే పైతరగతి వాళ్లని ఆయనకూ అనిపించింది. ఆ సంఘం పెట్టినవాళ్లలో లోర్నా వింగ్ ఒకరు. మానసిక వైద్యురాలు, ఆటిజం ఉన్న కూతురికి తల్లి. దక్షిణ లండన్‌లో పేదలుండే క్యాంబర్‌వెల్ ప్రాంతంలో ఆస్పత్రికి వచ్చినవాళ్లతో సరిపెట్టకుండా అక్కడి ప్రత్యేక అవసరాల పిల్లలందరినీ వెతికి చూశారు. తరగతి తేడా మాయమైంది. 1980లో ఆమె రాసిన వ్యాసం శీర్షికే ఒక ప్రశ్న: తేడా జబ్బులో ఉందా, మనం ఏరుకోవడంలో ఉందా? సొంత సంఘం మీదే ఆ ప్రశ్న వేసుకుంది. సంఘంలో చేరిన తండ్రులు పైతరగతి వాళ్లని లెక్కలతో చూపించింది. ఇలాంటి నిజాయితీ మన సంఘాల్లో కూడా ఉంటే బాగుండు అనిపిస్తుంది నాకు.

మరి ఆ బడి గడపకు రాని పిల్లలు ఎక్కడున్నారు?

అదే లండన్‌లో అదే ఏళ్లలో ఇంకో రకం ప్రత్యేక బడులున్నాయి. ఎజుకేషనలీ సబ్‌నార్మల్, పొట్టిగా ఈఎస్‌ఎన్. మన భాషలో చెప్పాలంటే మొద్దుల బడి. 1967 నాటి లండన్ విద్యాధికారుల సొంత లెక్క ప్రకారం మామూలు బళ్లలో వలస కుటుంబాల పిల్లలు సుమారు 15 శాతం, ఈఎస్‌ఎన్ బళ్లలో సుమారు 28 శాతం. వాళ్లలో ఎక్కువమంది కరీబియన్ దీవుల నుంచి వచ్చిన నల్లజాతి పిల్లలు.

గ్రెనడా దీవి నుంచి వచ్చిన బెర్నార్డ్ కోర్డ్ ఆ బళ్లలో పాఠాలు చెప్పాడు. 1971లో ఒక చిన్న పుస్తకం రాశాడు. వెస్టిండియన్ పిల్లవాణ్ణి బ్రిటిష్ బడి మొద్దుగా ఎలా తయారుచేస్తుంది అన్నదే దాని పేరు, దాని వాదన కూడా. గమనించండి, మొద్దుగా "ఉన్నాడు" కాదు, "తయారుచేస్తుంది". పిల్లవాడు ఇంట్లో మాట్లాడే ఇంగ్లిషు వేరు, పరీక్షలో ఇంగ్లిషు వేరు. పరీక్షలోని బొమ్మలు, మాటలు మధ్యతరగతి తెల్లవాడి ఇంటివి. కొత్త దేశంలో, ఎన్నో ఏళ్లకు మళ్లీ కలిసిన తల్లిదండ్రుల మధ్య బిక్కుబిక్కుమనే పిల్లవాడి మౌనాన్ని తెలివిలేమి కింద రాసేశారు. ఒకసారి అక్కడికి పోయినవాడు మామూలు బడికి తిరిగి రావడం అరుదు. జాన్ లా రోజ్ నడిపిన న్యూ బీకన్ అనే నల్లజాతి ప్రచురణ సంస్థ ఆ పుస్తకాన్ని అచ్చేసింది. అంతకు ముందే, 1969లో, లా రోజ్ తన ఇంట్లో జార్జ్ ప్యాడ్‌మోర్ పేరుతో శనివారం బడి మొదలుపెట్టాడు. (కోర్డ్ తర్వాత గ్రెనడా విప్లవంలో నాయకుడయ్యాడు. 1983లో అక్కడ జరిగిన రక్తపాతంలో ఆయన పాత్ర వేరే కథ, నేను దాన్ని సమర్థించను. పుస్తకం మాత్రం చదవండి. చదవలేకపోతే స్టీవ్ మెక్వీన్ 2020లో తీసిన 'ఎజుకేషన్' సినిమా చూడండి.)

కోర్డ్ పుస్తకం ఆటిజం గురించి కాదు. ఈలింగ్ బడినీ ఈఎస్‌ఎన్ బడినీ పక్కపక్కన పెడుతున్నది నేను. ఎందుకంటే ఆ రెండూ కలిపి చూస్తేనే మన అమ్మాయి ప్రశ్న పూర్తిగా అర్థమవుతుంది. ఒకే నగరంలో, మాట్లాడని ఒక పిల్లవాడికి డాక్టరు ఒక పేరు వెతికాడు, తల్లిదండ్రులు బడి కట్టారు. మాట్లాడని ఇంకో పిల్లవాడికి పేరు వెతకాల్సిన అవసరమే ఎవరికీ కలగలేదు. వాడు మాట్లాడకపోవడానికి వాడి జాతే కారణంగా సరిపోయింది. పేదవాడి బిడ్డకు అన్యాయం రెండు వైపులా జరుగుతుంది. ఏ లోపమూ లేని బిడ్డను మొద్దు అంటారు. నిజంగా ఆటిజం ఉన్న బిడ్డనూ అదే మొద్దు కింద కలిపేసి, వాడికి అందాల్సిన సాయం అందకుండా చేస్తారు. ఇది పాత కథ అనుకోకండి. ఫిలడెల్ఫియాలో ప్రభుత్వ బీమా మీద ఆధారపడ్డ పిల్లల మీద 2002లో ఒక అధ్యయనం వచ్చింది. తెల్లపిల్లలకు సగటున 6.3 ఏళ్లకు ఆటిజం అని తేలితే, నల్లపిల్లలకు 7.9 ఏళ్లకు. ఏడాదిన్నర. చిన్నపిల్లల వయసులో అదెంత కాలమో టీచర్లకు చెప్పక్కర్లేదు.

మన దగ్గర. సికింద్రాబాద్‌లో మనోవికాస్ నగర్ జాతీయ సంస్థ వచ్చింది 1984లో. ఆటిజం కోసం ఢిల్లీలో మేరీ బరువా 1991లో యాక్షన్ ఫర్ ఆటిజం మొదలుపెట్టారు, తర్వాత ఓపెన్ డోర్ బడి. ఇక్కడా ముందు నడిచింది తల్లే, ఇక్కడా మొదలైంది మహానగరంలోనే. 1995 వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది, అందులో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో వచ్చింది. హక్కుల జాబితాలో పూర్తిగా చేరింది 2016 చట్టంతో, 21 రకాల్లో ఒకటిగా. కానర్ వ్యాసానికి, దానికి మధ్య 73 ఏళ్లు.

2011 జనగణనలో దేశ జనాభాలో 2.21 శాతం వికలాంగులని తేలింది. ఎస్సీల్లో 2.45 శాతం. కులాన్ని బట్టి వైకల్యం ఎక్కువన్న సంగతి ప్రభుత్వ కాగితంలోనే ఉంది. అయితే ఆ ఫారంలో ఆటిజానికి గడి లేదు. కాబట్టి దళితవాడలో మూతలు పేర్చే పిల్లలు ఎంతమంది అని అడిగితే చూపించడానికి జనగణన అంకె లేదు. క్యాంబర్‌వెల్‌లో వెతికినట్టు ఇక్కడ వాడ వాడా ఎవరైనా వెతకాలి.

ఈలోగా పేరు మాత్రం మార్చారు. దివ్యాంగులట. అంగంలో దివ్యత్వం ఉందట. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఇంకో మాట గుర్తొస్తుంది: హరిజనులు. బావి దగ్గరికి రానివ్వనివాణ్ణి దేవుడి మనిషి అన్నారు. బడిలో చేర్చుకోనివాణ్ణి దివ్యమైనవాడు అంటున్నారు. మనం ఆ మాటను తిరగ్గొట్టి దళితులం అన్నాం. వికలాంగుల ఉద్యమంలోనూ చాలామంది ఈ మాటను ఒప్పుకోలేదు. ఈ రెండు ఉద్యమాలు కలవవని అనుకునేవాళ్లు మన దగ్గర వికలాంగుల పింఛను కోసం రోడ్డెక్కింది ఎవరో చూడాలి. మాదిగ దండోరా నడిపిన మంద కృష్ణ మాదిగే వికలాంగుల హక్కుల పోరాట సమితీ పెట్టారు. అయితే పింఛను దగ్గర ఆగకుండా బడి దాకా ఆ పోరాటం పోవాలన్నది నా మాట.

2016 చట్టం 31వ సెక్షన్: ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు, 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్న పిల్లవాడికి దగ్గరలోని బడిలో గానీ, తను కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కుంది. ఆ అమ్మాయికి ఈ సెక్షన్ చదివి వినిపించాను. "ఉచితంగా" అన్న చోట మళ్లీ చదవమంది.

పోయిన బుధవారం ఇద్దరం కూర్చుని దరఖాస్తు రాశాం. తమ్ముడి గురించి రాయమంటే మొదట నాలుగు లైన్లు రాసింది. చాలదన్నాను. ఇంటికి తీసుకెళ్లి అమ్మ చెబుతుంటే రాసుకొచ్చింది. ఏ వేళకు లేస్తాడు, ఏ చప్పుడుకు చెవులు మూసుకుంటాడు, మూతల్లో ముందు ఏ రంగు, చివర ఏ రంగు, నాన్న పోయిన రోజు ఏం చేశాడు. పదకొండు పేజీలైంది. ఎంఈవో ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకుని, జిరాక్స్ తెచ్చుకుంది. సదరం క్యాంపుకు ఇంకా తేదీ రాలేదు. మండలంలో ఉన్న భవిత కేంద్రానికి సోమవారాలు తీసుకెళ్తున్నారు. ఆటోకు పోను రాను డబ్బులు, తల్లికి ఆ రోజు కూలి పోతుంది. అందుకని సోమవారం అక్క కాలేజీ మానేసి తీసుకెళ్తోంది. హాజరు సంగతి నేను చూసుకుంటానని చెప్పాను.