కలివికోడి చెప్పు సాక్ష్యము

గ్రంథాలయమునకు వచ్చు పాఠకుడు కోరునది పుస్తకము మాత్రమే కాదు, నమ్మదగిన మాటయు. పక్షులను గూర్చి తెలిసికొనగోరు వారికి నేడు సమాచారమునకు కొదువ లేదు. అంతర్జాలమును తెరచినచో వేలకొలది బొమ్మలు, కూతలు, కథనములు ఎదురగును. వానిలో నిజమేది, ఊహ యేది అని తేల్చుటయే కష్టము. ఈ వివేచన నేర్పు చరిత్ర యొకటి మన తెలుగునేలపైననే జరిగినది. అది కలివికోడి చరిత్ర.

1836లో మదరాసునకు వచ్చిన తామస్ జెర్డన్ అను ఆంగ్లేయ వైద్యుడు నెల్లూరు మొదలగు చోట్ల కొలువు చేయుచు పక్షులను పరిశీలించెను. భారతదేశపు పక్షులపై ఆయన రచించిన మూడు సంపుటముల గ్రంథము 1862-64 సంవత్సరములలో వెలువడినది. అందు ప్రతి పక్షి రూపమును, నెలవును వర్ణించుటయే కాక, ప్రజలు వాడుకొను దేశభాషా నామములను, తెలుగు పేర్లను సహితము చేర్చెను. పల్లెవాని మాటయు శాస్త్రమునకు ఆధారమే యని ఆయన గుర్తించెను.

1848లో శాస్త్రలోకమునకు తెలియవచ్చిన కలివికోడికి ఆంగ్లమున జెర్డన్ పేరే నిలచినది. 1900 ప్రాంతమున అనంతపురము చెంత అది కనబడినట్లు వార్త కలదు. అటుపిమ్మట ఎనుబది యేండ్లకు పైగా దాని జాడ లేదు. ఆ జాతియే నశించెనని పలువురు భావించిరి. నిజమునకు ఆ పక్షి పగలు పొదలలో డాగియుండి రాత్రివేళ సంచరించును. కనబడలేదన్న మాట వేరు, లేదన్న మాట వేరు.

1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ అన్వేషణ ఫలించినది. కడప జిల్లా రెడ్డిపల్లి సమీపమున స్థానికుడొకడు రాత్రివేళ ఆ పక్షిని పట్టి చూపెను. పండితులు పోయినదనుకొన్న పక్షిని ఊరివారి యెరుక తిరిగి తెచ్చినది. అయినను ఆ మాట నిలచుటకు కారణము, పక్షి ప్రత్యక్షముగ చేత చిక్కుటయే.

తరువాతి పరిశోధకులు ఇంకను మేలైన మార్గములు వెదకిరి. పొదల నడుమ నేలను మెత్తపరచి, అడుగుజాడలు పడునట్లు పట్టీలు తీర్చిరి. తమంత తామే ఛాయాచిత్రములు తీయు కెమెరాలను ప్రక్కన అమర్చిరి. జాడకు చిత్రము సాక్షి, చిత్రమునకు జాడ సాక్షి. కూతను సైతము యంత్రమున పదిలపరచిరి. తెలుగుగంగ కాలువ ఆ పక్షి నెలవుల మీదుగా పోవలసివచ్చినప్పుడు, ఇట్టి ఆధారములే కాలువ దారిని మార్పించుటకు తోడ్పడినవి. ఉత్తమాటకు కాలువ దారి తొలగదు.

స్కాట్లండులోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయమున ఒక గ్రుడ్డుపై కలివికోడిదని చీటీ యుండెను. చీటీని నమ్మి యూరకొనక, డి.ఎన్.ఎ. పరీక్షచే దానిని ధ్రువపరచిరి. ఈ సంగతి 2013లో వెల్లడియైనది.

ఈ చరిత్ర నేర్పు నాలుగు ప్రశ్నలు కలవు: చూచినదెవరు? ఎక్కడ? ఎప్పుడు? ఆధారమేమి? అంతర్జాలమున కనబడు పక్షివార్తకును ఇవియే గీటురాళ్లు. 2002లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పక్షిశాస్త్ర సంస్థ మొదలైనవారు నెలకొల్పిన ఈబర్డ్‌లో ఎవరైనను తమ పరిశీలనలు చేర్చవచ్చును. అసాధారణమైన వార్త వచ్చినచో ఆ ప్రాంతపు పక్షుల నెరిగిన వారు దానిని విమర్శించి, చిత్రమో వివరణమో కోరుదురు. అపాయముననున్న కొన్ని పక్షుల సరియైన తావును అది గోప్యముగ నుంచును. ఏది చెప్పరాదో యెరుగుటయు నమ్మకమునకు లక్షణమే. 2005లో వెలసిన జీనో-కాంటోలో ప్రతి కూతతో పాటు దానిని గ్రహించినవారి పేరు, చోటు, తేది యుండును. గుర్తింపు తప్పని తోచినవారు సందేహమును తెలుపవచ్చును. పేరు, ఊరు, తేది లేని అందమైన బొమ్మ ముచ్చటకు పనికివచ్చునే గాని సాక్ష్యమునకు పనికిరాదు.

పుస్తకము నేటికిని తోడే. సాలిం అలీ 1941లో ప్రకటించిన భారతీయ పక్షుల గ్రంథము తరతరముల పరిశీలకులకు మార్గము చూపినది. తెరపై చూచినదానిని పుస్తకముతోను, పుస్తకమున చదివినదానిని తోటలోని పిట్టతోను సరిచూచుకొనవలయును.

కలివికోడి నేటికిని అత్యంత ప్రమాదస్థితిలోనున్న పక్షిగ పరిగణింపబడుచున్నది. దాని బ్రతుకు సరియైన వార్తపై ఆధారపడియున్నది. తప్పుడు వార్త రక్షకులను పెడదారి పట్టించును. నిర్లక్ష్యము చేసిన నిజమైన వార్త పక్షినే పోగొట్టును. కావున ఈ రజతోత్సవ వత్సరమున మన గ్రంథాలయమున పక్షుల కొరకొక దినచర్య పుస్తకమును తెరచుట మేలు. చెరువుగట్టున కొంగను చూచిన బాలుడు గాని, పొలమున పాలపిట్టను చూచిన రైతు గాని తన పేరు, చోటు, తేది, తాను చూచినంత మాత్రమే అందు వ్రాయవలెను. రెడ్డిపల్లి చెంత పల్లెవాని యెరుక శాస్త్రమునకు అక్కరకు వచ్చినట్లే, మన ఊరి వ్రాత రేపు ఎవరికో నమ్మదగిన సాక్ష్యము కావచ్చును.