దశబంధం: బావి మరమ్మతుకు కట్టిన మాన్యం

రాయలసీమ పల్లెల పాత రెవెన్యూ లెక్కలు తిరగేసేవారికి "దశబంధం ఇనాం" అన్న మాట తరచుగా ఎదురవుతుంది. దేవుడి మాన్యాలు, అగ్రహారాలు మనందరికీ తెలిసినవే. దశబంధం వాటి కోవకు చెందినది కాదు. చెరువునో, కాలువనో, బావినో సొంత ఖర్చుతో తవ్వించినవారికీ, పాడుపడినదాన్ని బాగు చేయించినవారికీ పాలకులిచ్చిన ప్రతిఫలమది. పేరును బట్టి పదోవంతు అని అర్థం చెబుతారు గాని, ఆచరణలో ఆ వంతు ఊరికొక తీరుగా ఉండేది. ఆ నీటివనరును ఎప్పటికప్పుడు బాగు చేయిస్తూ ఉండాలన్నది దానికి షరతు. మాన్యంతోపాటు ఆ భారమూ వారసులకు సంక్రమించేది.

కట్టించినవారి కీర్తిని శిలమీద చెక్కించడం మనకు బాగా అలవాటైన పని. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనమే చూడండి. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు 1369లో వేయించినది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ అది ఏకరువు పెడుతుంది. రోజుకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ శ్రమ అని లెక్క కూడా చెబుతుంది. అంతటి కట్టకైనా ఏటేటా మట్టి వేసేవాడూ, తూము చూసేవాడూ లేకపోతే ఒక పెద్ద వానకు గండి పడుతుంది. బావి సంగతీ అంతే. ఒర కూలుతుంది, పూడిక పేరుకుంటుంది, ఊటలు మూసుకుపోతాయి. ఈ రెండో ఖర్చుకు శాశ్వతమైన ఆదాయం చూపించడమే దశబంధంలోని తెలివి.

ఆంగ్లేయుల కాలపు రెవెన్యూ అధికారులు ఈ ఇనాములను రెండు రకాలుగా గుర్తించారు. మొదటిది ఖండం దశబంధం. ఫలానా పొలం అని హద్దులు చూపి ఇచ్చేది. రెండోది షామిలాత్ దశబంధం. ఆ నీటికింద సాగయ్యే భూముల శిస్తులో వాటా. పైకి చిన్న తేడాలా కనిపించినా, అసలు కిటుకు ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. ఖండం దశబంధంలో చెరువు పూడిపోయినా పొలం ఎక్కడికీ పోదు. షామిలాత్‌లో నీరు తగ్గితే సాగు తగ్గుతుంది, దానితో వాటా తగ్గుతుంది. పూడిక తీయించవలసిన అవసరం మాన్యందారుకు తన గాదెలోనే కనబడుతుంది.

ఇదంతా స్వర్ణయుగమేమీ కాదు. తరాలు గడిచేకొద్దీ మాన్యాలు వాటాలుగా చీలిపోయాయి. అనుభవించడానికి అందరూ, మరమ్మతు మాట వచ్చేసరికి ఎవరూ లేకపోవడం కూడా జరిగింది. మరమ్మతు చేయనివారి ఇనామును తిరిగి తీసుకొనే అధికారం సర్కారుకు ఉండేది.

1876-78 నాటి మహాక్షామం తరువాత డబ్బు మరో దారిన వచ్చింది. 1883లో భూమి అభివృద్ధి రుణాల చట్టం చేశారు. జనం నోట అవే తక్కావీ అప్పులు. బావి తవ్వుకోవడానికి రైతుకు అప్పు దొరికింది. తీర్చలేకపోతే భూమిశిస్తు బకాయిలాగే వసూలు చేసేవారు. పూర్వం బావి బాగుచేసినవాడికి శిస్తులో వాటా వచ్చేది. ఇప్పుడు బావి తవ్వినవాడు సర్కారుకు బాకీపడ్డాడు. స్వాతంత్ర్యానంతరం 1956 నాటి చట్టంతో ఆంధ్ర ప్రాంతంలో ఇనాముల రద్దు మొదలైంది. ఇనాముల వ్యవస్థ పోవడం న్యాయమే. కానీ ఆదాయాన్నీ మరమ్మతు బాధ్యతనూ కలిపి కట్టిన ముడికి బదులుగా మరో ముడి వేసినవారు లేరు.

ఆ పైన కరెంటు వచ్చింది, బోర్లు వచ్చాయి. కపిల తోలిన బావులు ఎండిపోయాయి. ఇప్పుడు ఒకరు తమ బావిలో పూడిక తీయించుకుంటే సరిపోదు. పక్క చేలో లోతుగా దిగిన బోరు ఆ నీటిని లాగేసుకుంటుంది. నేలపైన బావులు ఎవరివి వారివే అయినా కింద ఉన్న నీరు ఒక్కటే. 2002 నాటి వాల్టా చట్టం కొత్త బోర్లకు అనుమతులు పెట్టింది గాని, పాత బావిని నిలబెట్టినవారికి ప్రతిఫలమేదీ చూపలేదు.

ఈ చిక్కును పట్టించుకున్న ప్రయత్నం ఒకటి ఉంది. నెదర్లాండ్స్ సహాయంతో 1995లో ఏడు కరవు జిల్లాలలో మొదలైన ఏపీవెల్ పథకం సన్నకారు రైతులకు ఉమ్మడి బోర్లు వేయించింది. దాని తరువాత వచ్చిన భూగర్భజల యాజమాన్య పథకంలో రైతులే వాననూ, బావుల్లో నీటిమట్టాన్నీ కొలిచి, ఊరంతా కూర్చుని నీటి లెక్క వేసుకుని, రబీలో ఏ పంట వేయాలో ఆలోచించుకునేవారు. కొలవడం నేర్చిన చేతులు ఊళ్ళోనే ఉంటాయి. కానీ దాతల డబ్బుకు గడువుంటుంది, దశబంధానికి ఉండేది కాదు.

బావులను పునరుద్ధరించడానికి నిధులు ఈనాడూ వస్తున్నాయి. పూడిక తీస్తారు, రంగులు వేస్తారు, శిలాఫలకం నిలుపుతారు. మూడో ఏట చెత్త పేరుకున్నప్పుడు ఎవరు తీయాలో, ఆ కూలి ఏ పద్దు నుంచి రావాలో ఆ ఫలకం మీద ఉండదు. మాన్యాలు తిరిగి రావాలని నేననను. నీటిమట్టం నిలబెట్టిన ఊరికి ఏటా పంచాయతీ ద్వారా కొంత సొమ్ము అందాలనీ, మట్టం పడిపోతే అది తగ్గాలనీ అంటాను. షామిలాత్ దశబంధం చెప్పినది అదే. వాటా ఒక కుటుంబానికి కాక ఊరందరికీ చెందాలి, అంతే తేడా.

మీ ఊళ్ళో "దశబంధం చేను" అని పిలిచే పొలం ఏదైనా ఉందా? ఉంటే పెద్దవాళ్ళను అడిగి, అది ఏ బావికి, ఏ చెరువుకు కట్టిన మాన్యమో తెలుసుకుని రాయండి. ఆ పేర్లు మరచిపోయే కాలం ఎంతో దూరంలో లేదు.