స్పోర్ట్ క్వాడ్ బురద స్వారీ

స్పోర్ట్ క్వాడ్ అనేది మోటారు సైకిలు వలె ఇరువైపులా కాళ్ళు వేసి కూర్చుని, హ్యాండిల్‌తో తిప్పుతూ నడిపే నాలుగు చక్రాల పందెపు వాహనము. అడవి బాటలు, ఇసుక, వాగులు, లోతైన బురద గుండా సాగే పందేలలో దీనిని వాడుతారు. వీటన్నిటిలో బురదను దాటడం ప్రత్యేకమైన నైపుణ్యము. ఇక్కడ ఇంజను శక్తి కంటే చోదకుడు ముందుగా ఎంచుకున్న దారి, మధ్యలో తగ్గని వేగము ముఖ్యము.

చరిత్ర

హోండా సంస్థ 1970లో యు.ఎస్.90 అనే మూడు చక్రాల వాహనాన్ని అమెరికాలో ప్రవేశపెట్టింది. 1980వ దశకం ఆరంభంలో సుజుకి సంస్థ నాలుగు చక్రాల వాహనాలను తెచ్చింది. 1985లో వచ్చిన సుజుకి క్వాడ్‌రేసర్ పందేల కొరకే రూపొందిన తొలి క్వాడ్‌లలో ఒకటి. మూడు చక్రాల వాహనాలు తేలికగా బోల్తా పడి అనేకులు మరణించడంతో, 1988లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం మేరకు తయారీదారులు వాటి అమ్మకం నిలిపివేశారు.

బురద పందేలలో పేరుపొందినది అమెరికాలోని పశ్చిమ వర్జీనియాలో 1975 నుండి 1993 వరకు జరిగిన బ్లాక్‌వాటర్ 100.

నిర్మాణము

వ్యవసాయానికి వాడే క్వాడ్‌లలో చాలావాటికి నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది. స్పోర్ట్ క్వాడ్‌లో వెనుక చక్రాలకు మాత్రమే, గొలుసు ద్వారా అందుతుంది. వెనుక ఇరుసు ఒకే కడ్డీ కావడం వలన రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి. ఇరుసుపై ఉన్న పళ్ళచక్రము, బ్రేకు బిళ్ళ నేలకు దగ్గరగా ఉండి బురదలో ముందుగా ఆనుకుంటాయి. టైర్లలో గాలి ఒత్తిడి సాధారణంగా చదరపు అంగుళానికి 10 పౌండ్లకు లోపే ఉంటుంది. అందువలన టైరు వెడల్పుగా పరుచుకుని బరువును పంచుతుంది.

నడిపే పద్ధతి

* బురదలోకి దిగే ముందే అవతలి గట్టు వరకు దారిని చూసుకోవాలి. ముందు వెళ్ళిన వాహనాల గాడి లోతుగా ఉంటే దానిని విడిచి, అంచున గట్టి నేలను వెదకాలి.
* తగిన గేరు ముందుగానే వేసుకోవాలి. మధ్యలో క్లచ్ పట్టినా, యాక్సిలరేటరు వదిలినా వేగం పడిపోతుంది.
* మోకాళ్ళు వంచి పాదపీఠాలపై నిలబడి, శరీరాన్ని కొద్దిగా వెనుకకు ఉంచితే ముందు చక్రాలు తేలికపడి, వెనుక చక్రాలకు పట్టు దొరుకుతుంది.
* చక్రాలు తిరుగుతున్నా వాహనము కదలకపోతే ఇంజను వేగం పెంచరాదు. పెంచితే చక్రాలు గొయ్యి తవ్వుకుని, వాహనపు అడుగు భాగం బురదపై కూర్చుంటుంది. అప్పుడు దిగి, వాహనాన్ని అటూ ఇటూ ఊపి, చక్రాల క్రింద కొమ్మలు వేసి బయటకు తీయాలి.
* ఆసరా కొరకు కాలు క్రింద పెట్టరాదు. వెనుక చక్రము కాలిపైకి ఎక్కే ప్రమాదముంది.

బురద దాటిన వెంటనే బ్రేకులు సరిగా పట్టవు. రేడియేటరులో మట్టి పేరుకుంటే ఇంజను వేడెక్కి ఆగిపోతుంది.

తెలుగునాట

వరి పొలంలో దమ్ము చేసే ట్రాక్టరుకు ఇనుప కేజ్ వీల్స్ బిగించడం తెలుగు రైతులకు తెలిసినదే. మెత్తని మట్టిలో చక్రానికి పట్టు కావాలనే సూత్రము రెండింటికీ ఒకటే. నల్లరేగడి వంటి బంకమట్టి టైరు గాళ్ళలో నిండితే ఆ పట్టు పోతుంది. ఇంజనీరింగు విద్యార్థులు తామే వాహనము తయారుచేసి పోటీపడే బాజా ఎస్.ఎ.ఇ. ఇండియా 2007లో మొదలైంది. ఇందులో తెలుగు రాష్ట్రాల కళాశాలలు కూడా పాల్గొంటాయి. అయితే ఆ వాహనాలు చోదకుని చుట్టూ ఇనుప చట్రము కలిగిన బగ్గీలు. క్వాడ్‌కు అటువంటి రక్షణ లేదు.

జాగ్రత్తలు

బోల్తా పడినప్పుడు వాహనము చోదకునిపై పడడమే ప్రధాన ప్రమాదము. బురదలో ముఖము మునిగితే లోతు తక్కువైనా ప్రాణాపాయమే. కాబట్టి శిరస్త్రాణము, చోదకుడు పడిపోగానే ఇంజనును ఆపే తాడు మీట అవసరము. ఒంటరిగా సాధన చేయరాదు. రెండవ వ్యక్తిని ఎక్కించుకోరాదు. 16 ఏళ్ళ లోపు పిల్లలకు పెద్దల క్వాడ్‌లు ఇవ్వరాదు. చెరువు శిఖాలు, పంట పొలాలు పాడవకుండా అనుమతి ఉన్న మైదానాలలోనే నడపాలి.