కూటముద్రణములు : తామస్ వైజు చరిత్రము

పందొమ్మిదవ శతాబ్ది కడపటి దశకములలో నాంగ్లదేశమునఁ బ్రసిద్ధ గ్రంథకర్తల ప్రథమముద్రణములను సేకరించు వాంఛ మిక్కిలి ప్రబలెను. డికెన్సు, థాకరే, జార్జి ఎలియట్ మొదలగు నవలాకర్తల గ్రంథములలో మొదట వెలువడిన ప్రతికే యొక విలువ గలదు. దానిపైఁ గర్త స్వహస్తముతో మిత్రునకు సమర్పణము వ్రాసి సంతకము చేసియుండెనేని వెల పెక్కుమడుంగు లగుచుండెను. ఇది వట్టి మోజు గాదు. సంతకమును దిథియుఁ గల ప్రతి యా గ్రంథ మానాఁటికే లోకమున నుండె ననుటకు సాక్షి. మన తాళపత్రముల తుదను లేఖకుఁడు వ్రాయు సంవత్సరతిథులకుఁ గల ప్రయోజనమే దీనికిని గలదు.

ఈ వాంఛను దనకు లాభకరముగాఁ జేసికొనినవాఁడు తామస్ జేమ్స్ వైజు (1859–1937). గ్రంథసూచీకర్తలలో నగ్రగణ్యుఁడు, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము గౌరవపట్టము నిచ్చిన విద్వాంసుఁడు. ఇతఁ డున్న ముద్రణమున కనుకరణము చేయలేదు. చేసినచో మూలముతోఁ బోల్చి చూచువారు పట్టుకొందురు. పత్రికలలోనో సంపుటములలోనో యచ్చుపడిన చిన్న రచన నెత్తి, యంతకంటెఁ బూర్వమే వేఱుగా వెలసినట్లు తిథి వేసి పలుచని పొత్తముగా నచ్చొత్తించెను. మూలమే లేని నకలునకుఁ బోలిక యెక్కడిది? ఎలిజబెత్ బ్రౌనింగు పద్యములు 1850 సంపుటమునఁ దొలుత వెలువడఁగా, వైజు పొత్తముపై ‘రీడింగు, 1847’ అని యుండెను. నవలాకర్తలను సయితము విడువలేదు. జార్జి ఎలియట్ పద్యములకు నిట్టి పొత్తములే పుట్టెను.

1934లో జాన్ కార్టర్, గ్రాహం పొలార్డు అను నిరువురు యువ పుస్తకవిక్రేతలు తమ విమర్శగ్రంథమును బ్రకటించిరి. వారి తొలి ప్రమాణము కాగితము. ఆంగ్లదేశమునఁ బూర్వము గుడ్డపీలికలతోఁ గాగితము చేయుచుండిరి. ఎస్పార్టో గడ్డి 1861 ప్రాంతమునను, రసాయనములతోఁ బక్వము చేసిన కొయ్యగుజ్జు 1874 ప్రాంతమునను వాడుకలోనికి వచ్చెను. సూక్ష్మదర్శినితోఁ బరీక్షింపఁగా 1847 నాఁటి దనఁబడిన పొత్తమునఁ గొయ్యగుజ్జు కనఁబడెను. రెండవది యక్షరము. ఆ యచ్చులోని ‘ఎఫ్’, ‘జే’ రూపములు 1880 ప్రాంతమునకుఁ బూర్వము లేనివి.

మూఁడవది పండితులకు మిక్కిలి రుచించునది. ఈ పొత్తములలో నొక్కదానిపైనను గర్త సంతకము గాని, యానాఁటి సమర్పణము గాని, యానాఁటి జిల్దు గాని లేదు. అన్నియు నలుగని క్రొత్త ప్రతులు. మిత్రులకొఱకే యచ్చొత్తించిన దనఁబడు పొత్తమును మిత్రున కొక్కరికైన నీయకుండుట యెట్లు? భాట్టమీమాంసకులు వేఱు ప్రమాణముగాఁ గొనిన యనుపలబ్ధి యిచ్చటఁ జక్కఁగా నన్వయించును. ఉండినచోఁ గనఁబడఁదగినది కనఁబడకుండుటయే యభావమునకుఁ బ్రమాణము. ఊరక కనఁబడమి చాలదు.

ఆ గ్రంథము వైజును గూటకర్త యని స్పష్టముగాఁ బేర్కొనలేదు. పేర్కొనవలసిన పనియు లేకపోయెను. వైజు 1937లో మరణించెను. ఆ యేఁటనే యతని యాష్లీ గ్రంథాలయమును బ్రిటిష్ మ్యూజియము 66,000 పౌనులకుఁ గొనెను. కీట్సు, షెల్లీల గ్రంథములను బరిష్కరించిన హారీ బక్స్‌టన్ ఫోర్మను సయిత మీ పనిలోఁ దోడ్పడె నని 1945లోఁ బ్రకటితమైన పత్రములవలనఁ దేలెను. 1959లో డేవిడ్ ఫాక్సన్ వేఱొక నేరమును వెలికిఁ దెచ్చెను: వైజు తన ప్రాచీననాటకప్రతులలోని లోపములను బూరించుటకై మ్యూజియము ప్రతులనుండి రెండువందలకుఁ బైబడిన పత్రములను జించి కొనిపోయెను. వానిలోఁ గొన్ని యితరునికి విక్రయింపఁబడి తుదకు టెక్సాసు విశ్వవిద్యాలయమునకుఁ జేరెను. తక్కినవానిలోఁ బెక్కు, తమవే యని యెఱుఁగక, మ్యూజియమువారు 1937లో వెల యిచ్చి కొనినవే.